మీటే చెయ్యి ఏది?

నలుగురు కూర్చున్నచోట గిటారు ఒకటి ఉంటే అది చేతులు మారుతూ ఉంటుంది. ఒకరు రెండు పాటలు వాయించి పక్కవాళ్ళకి ఇస్తారు, వాళ్ళు ఒకటి వాయించి ఇంకొకరికి ఇస్తారు. నా దాకా వచ్చేసరికి నేను దాన్ని ఒళ్ళో తిరగేసి పట్టుకుంటాను. అంతే, అప్పటిదాకా పాట మీదున్న చూపులన్నీ నా చేతుల మీదికి వస్తాయి. "ఓ, మీది పుర్రచెయ్యా!" అంటారొకరు. "మరి తీగలు తలకిందులవుతాయిగా, ఎలా వాయిస్తారు?" అంటారింకొకరు. ఆ తర్వాత మూడో మనిషి ఒకాయన తప్పకుండా ఉంటాడు. కాస్త ముందుకు జరిగి, ఇన్నాళ్ళూ నాకీ సంగతి ఎవరూ చెప్పి ఉండరన్న ధీమాతో చెప్తాడు: "అసలు గిటారులో కష్టమంతా ఎడమ చేతిదే కదండీ. ఆ లెక్కన మామూలు గిటారే మీకు లాభం. అనవసరంగా తిప్పుకున్నారు."

మామూలు గిటారులో ఎడమ చెయ్యి తీగలు నొక్కుతుంది, కుడి చెయ్యి మీటుతుంది. నాది దానికి ఎదురు. ఆయనకి అప్పటికప్పుడు జవాబు చెప్పాలంటే పాట ఆగిపోతుంది. అందుకని నవ్వి ఊరుకుంటాను. ఇక్కడ ఊరుకోనక్కర్లేదు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన మాటని నేనే మూడేళ్ళు నమ్మాను. గిటారు మొదలుపెట్టింది ఇరవై ఆరేళ్ళ వయసులో. మొదటి రోజే చెప్పాను, "మాస్టారూ, నాది ఎడమచేతి వాటమండీ" అని. ఆయన విసుక్కోలేదు, వద్దనలేదు. పైగా సంతోషించారు. "మంచిదేగా! బార్ కార్డులు పట్టడానికి అందరికీ ఎడమ చెయ్యి మొరాయిస్తుంది. నీకా బాధ ఉండదు" అన్నారు. కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా తీగలు నొక్కిపట్టడం, బార్ కార్డంటే ఒకే వేలిని తీగల మీద అడ్డంగా పరిచి నొక్కేది. నాకూ సబబుగానే తోచింది. చిన్నప్పటి నుంచి కత్తెర దగ్గరా, రాసుకునే పలక ఉన్న చేతి కుర్చీ దగ్గరా ఇబ్బంది పడ్డవాడికి, మొదటిసారి ఒక వస్తువు తన కోసమే చేసినట్టు ఉందంటే ఎవరు కాదంటారు?

ఆయన చెప్పినదాంట్లో సగం నిజమైంది. ఎఫ్ అనే బార్ కార్డు నాకు తోటివాళ్ళకంటే ముందు పలికింది. వేళ్ళు అనుకున్న చోటికి అనుకున్నట్టు వెళ్ళేవి. రెండో సగం దగ్గరే వచ్చింది చిక్కు. కుడి చేత్తో స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి లయగా మీటడం, నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే ఉండేది. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 100 దెబ్బలు దాటిందంటే మణికట్టు బిగుసుకుపోయి, మోచెయ్యి మొత్తం తలుపు రెక్కలా ఊగేది. తీగలు మీటే చిన్న బిళ్ళ, పిక్, వేళ్ళ మధ్య మెల్లగా తిరిగిపోయి, నాలుగో లైనుకల్లా మొనకి బదులు అంచు తగిలేది. కొత్తవాళ్ళందరికీ ఇది ఉంటుందని మాస్టారు అన్నారు. నిజమే, ఉంటుంది. కానీ మూడేళ్ళయినా కొత్తవాడిగానే ఉండిపోవడం మామూలు కాదు.

అసలు సంగతి బయటపడింది ఒక చిన్న విషయంతో. ఒకరోజు మాస్టారు ఏదో రిథమ్ నోటితో చెప్తున్నారు, నేను గిటారు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను. వింటూ వింటూ ఉండగా నా ఎడమ చేతి వేళ్ళు గిటారు ఒంటి మీద అదే రిథమ్‌ని కొడుతున్నాయి. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా, ఎక్కడ బరువు వెయ్యాలో అక్కడ వేస్తూ. కుడి చేతికి నెల రోజులుగా పట్టుబడని రిథమ్ అది. మాస్టారు చూశారు. నేనూ చూశాను. ఇద్దరం ఏమీ అనుకోలేదు. పాఠం సాగిపోయింది.

ఆ రాత్రి నాకొక ప్రశ్న పట్టుకుంది. నిజంగా కష్టమంతా ఎడమ చేతిదే అయితే, నూటికి తొంభైమంది కుడిచేతి వాటంవాళ్ళున్న ఈ లోకంలో గిటారుని ఇలా ఎందుకు కట్టుకున్నారు? తమ చేతగాని చేతికి కష్టమైన పని ఒప్పజెప్పి, చేతనైన చేతిని ఉత్తినే కూర్చోబెట్టారా? గిటారే కాదు, వయొలిన్, సెల్లో, మాండలిన్, సితార్, వీణ, అన్నీ అంతేనా? అన్ని చోట్లా అందరూ కలిసి ఒకే పొరపాటు చేశారనడం కంటే, మనం కష్టమనుకుంటున్నది అసలు కష్టం కాకపోవచ్చు అనుకోవడం తేలిక.

నేను చేరుకున్న జవాబు ఇది. తీగ నొక్కే చేతికి కాస్త వెసులుబాటు ఉంది. అది ముందే వెళ్ళి కూర్చోవచ్చు. కార్డు మారేటప్పుడు వేళ్ళు ఒక రవ్వ ముందుగా చేరాయా, చివరి క్షణంలో చేరాయా అన్నది వినేవాళ్ళకి తెలియదు. మీటే చేతికి ఆ వెసులుబాటు లేదు. అది ఎప్పుడు తాకితే అప్పుడే స్వరం పుడుతుంది, ముందైతే ముందు, ఆలస్యమైతే ఆలస్యం. ఎంత గట్టిగా, ఎంత మెత్తగా, తీగల కింది కొసలు ఆనే బ్రిడ్జికి దగ్గరగా గరుకుగానా, దూరంగా గుండ్రంగానా, అన్నీ ఆ చేతివే. వయొలిన్‌లో అయితే స్వరం ఎంతసేపు బతకాలో, ఎప్పుడు చావాలో కూడా కమాను పట్టిన చెయ్యే చెప్తుంది. ఎడమ చేతి పని కంటికి కనిపిస్తుంది, వేళ్ళు పరుగులు పెడుతుంటాయి కాబట్టి. కుడి చేతి పని చెవికి తెలుస్తుంది. మూడో మనిషి చూసి చెప్తున్నాడు, విని కాదు.

దీనికి మినహాయింపులున్నాయి, దాచను. గిటారులో హామర్ ఆన్ (వేలితో తీగని కొట్టడం), పుల్ ఆఫ్ (వేలితో లాగి వదలడం) లాంటివి నొక్కే చెయ్యే పలికిస్తుంది. వీణ సంగతి మరీను. ఒక్క మీటు మీద తీగని పక్కకి లాగి గమకమంతా ఎడమ చేత్తోనే పలికిస్తారు. "కష్టమంతా ఎడమ చేతిదే" అన్న మాట వీణ దగ్గర అన్నారంటే నేను కాసేపు ఆలోచనలో పడతాను. గిటారు స్ట్రమ్మింగ్ దగ్గర అంటే మాత్రం పడను.

మూడేళ్ళ తర్వాత గిటారు తిప్పాను. కొత్తది కొనే ధైర్యం లేక, ఉన్నదానికే తీగలు అటుదిటు ఇటుదటు చేశాను. ఈ పని చెయ్యబోయేవాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే "తీగలు మార్చేస్తే సరి" అని తేలిగ్గా అనేవాళ్ళు చాలామంది.

గిటారు తల దగ్గర తీగలు ఆనే చిన్న ఎముక ముక్క ఉంటుంది, నట్ అంటారు. ఒక్కో తీగకి దాంట్లో ఒక్కో గాడి. మామూలు లైట్ సెట్‌లో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు, ఆరో తీగది 53. ఇప్పుడు ఆ 53ని తీసుకెళ్ళి 12 కూర్చునే గాడిలో పెట్టండి. అది గాడిలోకి దిగదు, గట్టు మీద కూర్చున్నట్టు పైనే ఉంటుంది. అటువైపు సన్నతీగ పెద్ద గాడిలో అడుగంటా దిగి, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టుకి, అంటే ఫ్రెట్‌కి, తగిలి జుమ్మంటుంది. నేను సన్న గాడిని చిన్న ఆకురాయితో అరగదీశాను. పెద్ద గాడిలో కాగితం మడతపెట్టి దూర్చాను. చూడ్డానికి ముతకగా ఉన్నా పని జరిగింది.

అయిందనుకుని శ్రుతి చేశాను. ఖాళీ తీగలన్నీ చక్కగా పలికాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ నొక్కితే శ్రుతి పైకి పోయింది. చాలాసేపు నా చెవినే అనుమానించాను. తీరా చూస్తే తప్పు శాడిల్‌ది. బ్రిడ్జి మీద తెల్లటి పట్టీ కాస్త ఏటవాలుగా ఉంటుంది, గమనించారా? మందపు తీగని నొక్కినప్పుడు స్వరం ఎక్కువ పైకి జరుగుతుంది కాబట్టి, దాన్ని సరిచెయ్యడానికి ఆ తీగ కాస్త పొడుగ్గా ఉండేలా ఆ ఏటవాలు పెడతారు. తీగలు తిప్పేసరికి మందపు తీగకి పొట్టి వైపు వచ్చింది, సన్నదానికి పొడుగు వైపు. చెయ్యవలసినదానికి సరిగ్గా ఎదురు. లోపల చెక్కకి బలం కోసం అతికించే బద్దలు కూడా మామూలు స్టీలు తీగల గిటారులో రెండువైపులా ఒకేలా ఉండవు, కానీ ఆ తేడా నా చెవికి అందేది కాదు. శాడిల్ తేడా అందింది. అందుకే ఆరు నెలలు తిరక్కుండా అసలైన ఎడమచేతి గిటారు కొన్నాను, పాతదాన్ని పైన పెట్టేశాను.

ఆ ఆరు నెలలు ఎలా గడిచాయంటారా, సిగ్గుగా గడిచాయి. మూడేళ్ళుగా ఎడమ చేతి వేళ్ళకి కట్టిన కాయలు పొరలు పొరలుగా ఊడిపోయాయి. కుడి చేతి వేళ్ళు మెత్తగా, ఏమీ తెలియనట్టు తీగల మీద నొప్పితో ముడుచుకునేవి. సి కార్డు ఎక్కడో బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. ఎఫ్ సంగతి ఎత్తకండి. అయితే మొదటి వారంలోనే మీటే చెయ్యి 100 దాటింది. నేనేమీ చెయ్యలేదు, వదిలేశానంతే. మణికట్టు దానంతటది విదిలించుకుంది. కార్డు మార్చడానికి వేళ్ళు తడుముకుంటున్నా చెయ్యి ఆగేది కాదు, ఖాళీ తీగల మీదే కాలం నిలబెట్టేది. అంతకుముందు మూడేళ్ళూ దీనికి వ్యతిరేకంగా జరిగేది. వేళ్ళు సిద్ధంగా కూర్చుని చేతి కోసం ఎదురు చూసేవి.

వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపే కార్డు బొమ్మలతో కొన్నాళ్ళు తికమక పడ్డాను. అవి కుడిచేతివాళ్ళ కోసం గీసినవి కాబట్టి అద్దంలో తిప్పి ఊహించుకోవాలి. చివరికి బొమ్మ చూడటం మానేసి "ఆరో తీగ, మూడో ఫ్రెట్" అని అంకెలుగా చదవడం అలవాటైంది. పాటని అంకెలతో రాసే ట్యాబ్‌కి ఆ గొడవే లేదు, అందులో ఉండేది తీగ, ఫ్రెట్ నంబరు, అంతే. ఇంకో లాభం కూడా ఉంది. ఎదురుగా కూర్చున్న మాస్టారు నాకు అద్దంలో నా బొమ్మలా కనిపిస్తారు. ఆయన చెయ్యి ఎటు కదిలితే నాది అటు.

ఈ వాదన ఎప్పుడు మొదలైనా పేరున్న గిటారిస్టుల పేర్లు బయటికొస్తాయి. నా వైపువాళ్ళు జిమీ హెండ్రిక్స్ అంటారు. అటువైపువాళ్ళు మార్క్ నాఫ్లర్ అంటారు, ఎడమచేతి వాటం ఉండి కూడా మామూలుగా వాయించేవాడని. పేర్లతో తేలే వాదన కాదిది, కానీ ఆ పేర్లని దగ్గరగా చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని, అదొక ఎలక్ట్రిక్ గిటారు, తిప్పి పట్టుకున్నాడు గానీ, తీగలు మార్చి కట్టుకున్నాడు, మందపు తీగ పైకే వచ్చేలా. బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ తీగలు కూడా మార్చలేదు, సన్నతీగలు పైనే. అందుకే అందరూ తీగని పైకి తోసి సాగదీసేచోట ఆయన కిందికి లాగేవాడు. జానపద గాయని ఎలిజబెత్ కాటన్ కూడా అంతే, అన్న బాంజోని తలకిందులుగా పట్టుకుని తనంతట తాను నేర్చుకున్న మనిషి. అందరూ బొటనవేలితో బేస్ (కింది స్వరాలు), మిగతా వేళ్ళతో పాట వాయిస్తే, ఆవిడ వేళ్ళతో బేస్, బొటనవేలితో పాట వాయించింది. ఆ పద్ధతికి ఆవిడ పేరే నిలిచిపోయింది. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ మొదట్లో మామూలుగా పట్టుకుని తంటాలు పడ్డాడు, గాయకుడు స్లిమ్ విట్‌మన్ ఎడమచేత్తో గిటారు పట్టుకున్న ఫొటో చూశాకే ఇలా కూడా పట్టుకోవచ్చా అని తట్టింది. ఒక్క ఫొటో! ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మా మాస్టారి గోడ మీదున్న ఫొటోలు గుర్తొస్తాయి. అన్నీ కుడిచేతివే.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆలోచన పుట్టించేది మాత్రం బ్లాక్ సబ్బాత్ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ. ఎడమచేతి వాటం. 1965లో, పదిహేడేళ్ళప్పుడు, రేకుల ఫ్యాక్టరీలో కుడి చేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొనలు తెగిపోయాయి. అంటే తీగలు నొక్కే వేళ్ళు. మూడో మనిషి లెక్కన ఆయన వెంటనే గిటారు తిప్పేసి, బాగున్న ఎడమ చేత్తో నొక్కాలి, కష్టమంతా అక్కడే కదా! ఆయన తిప్పలేదు. ప్లాస్టిక్ సీసా కరిగించి ఆ రెండు వేళ్ళకీ తొడుగులు చేసుకున్నాడు, సన్నపాటి తీగలు వేసుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కూడా దించాడు. తెగిన వేళ్ళతో నొక్కడానికైనా సిద్ధపడ్డాడు గానీ మీటే చేతిని మార్చుకోలేదు.

నా వాదనకి అడ్డొచ్చే మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. వయొలిన్ విద్వాంసుడు రుడాల్ఫ్ కోలిష్. చిన్నప్పుడు ఎడమ చేతి మధ్యవేలికి దెబ్బ తగిలితే, కమాను ఎడమ చేతికి మార్చుకుని మళ్ళీ నేర్చుకున్నాడు. ఆయన క్వార్టెట్ (నలుగురి తీగవాద్య బృందం) ఇరవయ్యో శతాబ్దపు సంగీతాన్ని మొదటిసారి వినిపించినవాటిలో పేరున్నది, అది కూడా చాలావరకు ఎదురుగా కాగితం లేకుండా. కాబట్టి చేతులు మారితే లోకం మునిగిపోదు. కాకపోతే ఆయన మారింది చిన్నతనంలో, అలవాటు బిగుసుకోకముందు. ఏదో ఒకటి తేల్చుకునేది మొదటి వారంలో తేల్చుకోవాలని నేననేది అందుకే. మూడేళ్ళ తర్వాత కాదు.

వయొలిన్ అనగానే ఒక సంగతి ఒప్పుకోవాలి. అది గిటారులా తీగలు మార్చేస్తే అయ్యే పని కాదు. లోపల మందపు తీగ వైపు పైచెక్కకి అతికించి బాస్ బార్ అనే బద్ద ఉంటుంది, సన్నతీగ వైపు బ్రిడ్జి కాలికి కాస్త వెనగ్గా సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర నిలబడి ఉంటుంది. వాటిని అటూ ఇటూ మార్చాలంటే వయొలిన్ పొట్ట విప్పాలి. చార్లీ చాప్లిన్ తన వయొలిన్‌కి తీగలతోపాటు లోపల ఆ రెండూ తిప్పించుకున్నట్టు తనే చెప్పుకున్నాడు. అలా తిప్పించుకున్నా, ఆర్కెస్ట్రాలో వరసగా కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ కమాను ఒకవైపు, మీది ఇంకోవైపు. మోచేతులు కొట్టుకుంటాయి. ఆర్కెస్ట్రాలో కూర్చోవాలన్న ఆశ ఉన్న పిల్లవాడు ఎడమచేతి వయొలిన్ అడిగితే, నేను కూడా రెండుసార్లు ఆలోచించుకోమనే అంటాను.

చూశారా, నేను కూడా అంటాను. అయితే ఎలా అంటాననేదే నా పట్టు. "వాయిద్యాలు తక్కువ దొరుకుతాయి. ఎక్కడికెళ్ళినా నీది నువ్వే మోసుకెళ్ళాలి. అరువు తెచ్చుకోలేవు, అమ్మబోతే కొనేవాళ్ళు తక్కువ. వరసలో కూర్చోవాలంటే ఇబ్బంది. ఇవన్నీ చూసుకుని కుడిచేత్తో నేర్చుకోవడం మేలనిపిస్తే నేర్చుకో, చాలామంది నేర్చుకున్నారు." ఇలా చెప్తే అది నిజం చెప్పడం. ఇబ్బందిని ఇబ్బందిగా చెప్పడం. మా మాస్టారు, ఆ మూడో మనిషి చేసింది అది కాదు. దొరకని వస్తువుని అక్కర్లేని వస్తువన్నారు. సర్దుబాటుని లాభమన్నారు. దాంతో చెయ్యి మొరాయించినప్పుడు తప్పు నాదే అనుకున్నాను. లాభం ఉండి కూడా రావడం లేదంటే బద్ధకమో, లయజ్ఞానం లేకపోవడమో అయుండాలి కదా! మూడేళ్ళు అలాగే అనుకున్నాను. కష్టమని ముందే చెప్పి ఉంటే కష్టపడేవాణ్ణి, లేదా తిప్పుకునేవాణ్ణి.

ఇంకోటి. ఎడమచేతి వాటం అంటే అవునా కాదా అని తేలే ప్రశ్న కూడా కాదు. 1971లో ఓల్డ్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పది పనుల చిట్టా ఒకటి వేశాడు: రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, టూత్‌బ్రష్, చాకు, చెంచా, చీపురు పట్టినప్పుడు పైనుండే చెయ్యి, అగ్గిపుల్ల గీయడం, డబ్బా మూత తీయడం. ఒక్కోదానికి ఏ చెయ్యి, ఎంత గట్టిగా అని చూస్తే మనిషి ఎక్కడో మధ్యలో కూడా తేలవచ్చు. నేను అన్నీ ఎడమే, ఒక్క కత్తెర తప్ప. నాఫ్లర్ లాంటివాళ్ళు ఈ కొలత మీద ఎక్కడుంటారో ఎవరికెరుక. రాసే చెయ్యి చూసి గిటారు చేతికివ్వడం కూడా తొందరపాటే.

ఆ తొందరపాటు నేనే చేశాను. మా మేనకోడలికి తొమ్మిదేళ్ళు. ఎడమ చేత్తో రాస్తుంది. గిటారు నేర్చుకుంటానంది. నాకెంత సంబరమంటే, నేను పడ్డ పాట్లు ఇది పడనక్కర్లేదని అప్పుడే సగం ఉపన్యాసం ఇచ్చి, నా ఎడమచేతి గిటారు తెచ్చి ఒళ్ళో పెట్టాను. అది దాన్ని అటూ ఇటూ చూసింది. రెండు నిమిషాలు తీగలు గీకింది. తర్వాత మెల్లగా తిరగేసి పట్టుకుంది, మెడ ఎడమవైపు, కుడి చెయ్యి తీగల మీద.

"అలా కాదమ్మా, ఇలా" అని సరిచెయ్యబోయాను. మా మాస్టారి గొంతే, అదే సంతోషం.

"మావయ్యా, నీ గిటారు తిరగేసి ఉంది" అంది.

పైనుంచి పాత గిటారు దించాను. ఆరు తీగలూ విప్పి మళ్ళీ మామూలుగా కట్టాను. గాడిలో దూర్చిన కాగితం పసుపు రంగుకి తిరిగిపోయి ఉంది, పీకేశాను. శ్రుతి చేసి ఇచ్చాను. కుడి చేత్తో ఒక్కసారి పైనుంచి కిందికి మీటింది. అయిదు తీగలు శుభ్రంగా పలికాయి. మొదటి తీగ మాత్రం జుమ్మంది, ఒకప్పుడు నేను ఆకురాయితో అరగదీసిన గాడిలో కూర్చుని. వచ్చే వారం నట్ మార్పించాలి.